నెల్లూరు తీరంలో ప్రభుత్వ విద్య

నెల్లూరు జిల్లా 1801లో కర్ణాటక నవాబు నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు బడుల గురించి సర్కారు ఆరా తీయలేదు. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆ పని చేయించాడు. ఎన్ని బడులున్నాయి, ఏ కులం పిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అన్న వివరాలతో ప్రతి కలెక్టరూ పట్టిక పంపాలని ఉత్తర్వు ఇచ్చాడు. నెల్లూరు పట్టిక 1823లో చేరింది. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంమీద 12,498 బడులు తేలాయి. అంటే సుమారు వెయ్యిమంది జనాభాకు ఒకటి.

అవి చాలావరకు ఊరివాళ్ళు నడుపుకున్న వీధిబడులు. పంతులు అరుగు మీద కూర్చుంటే, పిల్లలు ఎదురుగా ఇసుక పరుచుకుని వేలితో ఓనమాలు దిద్దేవారు. చేయి తిరిగాక తాటాకు, గంటం ఇచ్చేవారు. ఎక్కాలు, శతకాలు, అమరకోశం నోటికి రావాలి. పంతులి జీతం పిల్లల ఇళ్ళ నుంచే వచ్చేది కాబట్టి కూలివాడి బిడ్డకు ఆ అరుగు అందలేదు. బోధన తీరుపై తొలినాళ్ళ విమర్శల్లో ఒకటి కూడా ఇక్కడి మనిషిదే. తర్వాత చాలాకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఒంగోలు ప్రాంతంలో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839), అర్థం తెలియకుండా వల్లె వేయించడం దండగని 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నివేదించాడు. రెండు శతాబ్దాలైనా ఆ మాటకు పదును తగ్గలేదు.

మన్రో 1826లో కలెక్టరేటుకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక తాసీల్దారీ బడి చొప్పున ప్రణాళిక వేశాడు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. 1836లో తాసీల్దారీ బడులు ఎత్తేశారు. విద్యపై 1854 నాటి ఉడ్ తాఖీదు గ్రాంట్ల పద్ధతి తెచ్చాక మిషన్ బడులు, ప్రైవేటు బడులు సర్కారు సొమ్ముతో పెరిగాయి. అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచే నెల్లూరులో ఉన్నారు. 1884 చట్టంతో తాలూకా, జిల్లా బోర్డులు వచ్చాయి. బోర్డు స్కూలు అన్న మాట అప్పటిది. 1959లో పంచాయతీరాజ్ చట్టం రావడంతో అవే సమితి బడులు, జిల్లా పరిషత్ హైస్కూళ్ళు అయ్యాయి.

ఇన్ని చేతులు మారినా ఆడపిల్లలు, చేపలు పట్టే పట్టపువారు, గిరిజనులైన యానాదులు మాత్రం చదువుకు దూరంగానే ఉండిపోయారు. ఆ లోటు పూడ్చడానికి ముందుకొచ్చింది ఎక్కువగా సర్కారు బయటివాళ్ళే. పొణకా కనకమ్మ 1923లో ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య పనిచేసి, ఆంధ్ర ఆదిమజాతి సేవక సంఘం ద్వారా వారి పిల్లల చదువుకు దారి వేశారు. సంతకు, చేలకు, వేటకు తిరిగే కుటుంబానికి బడికన్నా ముందు హాస్టలు కావాలని ఆయన గ్రహించడం చాలా పెద్ద సంగతి.

వయోజనుల చదువులో నెల్లూరు దేశమంతటా పేరు తెచ్చుకుంది. 1991లో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలు కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు రాత్రి దీపం దగ్గర పలకలు పట్టారు. వాచకంలోని సీతమ్మ కథ సారా గురించి మాట్లాడింది. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. ఆ సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం అమలైంది. విద్యాశాఖ ప్రణాళికల్లో ఇంతటి ఫలితం ఎవరూ ఊహించి రాయలేదు.

ఇప్పటి బడుల ప్రణాళిక దూరాన్ని బట్టి నడుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక పాఠశాల కిలోమీటరులో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలో ఉండాలి. తీరంలో ఈ కొలత మోసం చేస్తుంది. బకింగ్‌హామ్ కాలువకు, సముద్రానికి నడుమ ఉన్న పల్లె నుంచి అవతలి బడి కంటికి కనబడుతుంది. వంతెన దూరమైతే మాత్రం పిల్లవాడు చుట్టు తిరిగి వెళ్ళాలి. వానాకాలంలో, తుఫాను రోజుల్లో అదీ కుదరదు. 2022లో జీవో 117 ప్రకారం మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్ళకు తరలించినప్పుడు ఇలాంటి పల్లెల్లోనే దూరం ఎక్కువ భారమైంది. ఆ జీవోను 2025లో రద్దు చేసి బడులను కొత్తగా వర్గీకరించారు.