డార్విన్ నోటుపుస్తకం నుంచి వేల మంది పిల్లల దాకా

1839 డిసెంబరు 27న చార్లెస్ డార్విన్‌కు తొలి సంతానంగా విలియం పుట్టాడు. బిడ్డ ఎదుగుదలను తండ్రి నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. ఏడవ రోజున అరికాలికి కాగితం ముక్క తగిలితే బిడ్డ చటుక్కున కాలు లాక్కున్నాడు. నాలుగున్నర నెలలకు అద్దంలో తండ్రి ప్రతిబింబాన్నీ తన ప్రతిబింబాన్నీ చూసి నవ్వాడు. ఈ పరిశీలనలు 1877లో ‘మైండ్’ పత్రికలో వెలువడ్డాయి.

ఏ మార్పు తరువాత ఏ మార్పు వచ్చిందో చూపడం దినచర్య పద్ధతికి ఉన్న బలం. అయితే అక్కడున్నది ఒకే బిడ్డ, కలిగిన ఇల్లు, కన్నతండ్రి చూపు. విలియం నవ్విన వయసు పిల్లలందరికీ ప్రమాణం కాజాలదు.

ఆ కొరతను తీర్చే మార్గం బ్రిటన్‌లో కనిపించింది. 1946 మార్చిలో ఒక్క వారంలో ప్రసవించిన 13,687 మంది తల్లులను జేమ్స్ డగ్లస్ అనే వైద్యుని బృందం ప్రశ్నించింది. ప్రసవానికయ్యే ఖర్చు తెలుసుకోవడం అప్పటి ఉద్దేశాలలో ఒకటి. తరువాత వారిలో 5,362 మంది పిల్లలను ఎంచుకుని, పెద్దయ్యాక కూడా అనుసరించారు. గాలి కాలుష్యం ఎక్కువైన చోట పెరిగిన పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువని అందువల్లనే తెలిసింది.

2002లో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసున్న సుమారు 2,000 మందితో, ఎనిమిదేళ్ల వయసున్న సుమారు 1,000 మందితో మొదలైంది. విభజన తరువాత రెండు రాష్ట్రాలలోనూ సాగింది.

వేర్వేరు వయసుల పిల్లలను ఒకే రోజున కొలిస్తే సగటులు తెలుస్తాయి. వెనుకబడిన బిడ్డ ఏ వయసులో, ఏ పరిస్థితిలో వెనుకబడిందో తెలియాలంటే ఆ బిడ్డ ఇంటికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. డార్విన్‌కు ఆ అవసరం రాలేదు. బిడ్డ ఆయన ఇంట్లోనే ఉన్నాడు.