‘సడన్’కు తెలుగు వెతికిన నిఘంటువులు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. అందుకే 1820లో కడపలో కొలువుకు దిగిన నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కథ మదనపల్లె సీమది కూడా.

బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి సరిచేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయింది. ఆ కాలంలోనే ఇంగ్లిష్–తెలుగూ వచ్చింది.

ఈ రెండో పనిలో ‘సడన్’ లాంటి విశేషణం గట్టి పరీక్ష. చావుకైనా, వానకైనా, కుదుపుకైనా ఇంగ్లిష్‌కు ఆ ఒక్క మాట చాలు. తెలుగు ఆ పనిని క్రియ పక్కన పెట్టింది. దిగ్గున లేస్తాం, ధబ్బున పడతాం, ఠక్కున జవాబు చెబుతాం. వాసన గుప్పున కొడుతుంది, కుండ భళ్ళున పగులుతుంది. ఒకదాని చోట మరొకటి పెడితే చెవి ఒప్పుకోదు. జరిగిన వేగంతో పాటు చప్పుడూ కదలికా ఆ మాటలోనే ఉన్నాయి. ఇంత సంపద ఉన్నా, నామవాచకం ముందు నిలిచే విశేషణం కావాలంటే సంస్కృతం గడప తొక్కాల్సి వచ్చింది. ‘అకస్మాత్’ అంటే కారణం లేకుండా. ‘హఠాత్’ అంటే బలవంతంగా. పిల్లలు పట్టే హఠం కూడా అదే. పత్రికల్లోని ఆకస్మిక తనిఖీ, హఠాన్మరణం ఈ దారిన వచ్చినవే.

‘అబ్రప్ట్’ ఇంకా చిక్కు. లాటిన్‌లో దాని మూలార్థం విరిగి తెగినది. మధ్యలో ఆగిన పనికి మనం అర్ధాంతరం అంటాం, కొండవాలుకు నిట్టనిలువు అంటాం. కటువైన మాటకు మాత్రం మనదీ విరుపే: పుల్లవిరుపు.

ఈ తీరు ఒక్క తెలుగుదే కాదు. మదనపల్లె సీమకు పడమట కోలారు కన్నడం, దక్షిణాన తమిళం. కన్నడిగుల ‘దిఢీరనె’, తమిళుల ‘తిడీరెన్రు’ మన ‘చటుక్కుమని’ లాగే ‘అని’తో అల్లినవి. మూడు భాషలదీ ఒకే పోకడ.

బస్సుల్లో ఇప్పుడు ‘సడన్ బ్రేక్’ తప్ప వేరే మాట వినిపించదు. అయినా ‘సడన్’ క్రియ పక్కకు రావాలంటే ‘గా’ తగిలించుకోక తప్పలేదు: సడన్‌గా వచ్చాడు, సడన్‌గా ఆపాడు. ఆ చోట ‘ఉన్నట్టుండి’, ‘ఉన్నపళంగా’ ఇంకా పోటీలోనే ఉన్నాయి.