పళ్ళెం విసిరినవాడి ఇల్లు

తిరుపతిలో అన్నానికి లోటు లేదు. కొండ మీద నిత్యాన్నదానం 1985లో మొదలైంది. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1943లో, దిక్కులేని పిల్లల కోసం దేవస్థానం శ్రీ వేంకటేశ్వర బాలమందిరం పెట్టింది. తిండి, బట్ట, బడి, పడుకోడానికి చోటు: ఆ రోజులకు చిన్న పని కాదది.

అయితే ఏ హోములోనైనా కడుపు నిండినా కుదురుకోని పిల్లలు కొందరుంటారు. రాత్రి పెట్టిన ఇడ్లీల్లో ఒకటి తినకుండా దుప్పటి మడతలో దాచుకుంటాడు ఒకడు. పొద్దున్నే అది చీమలు పట్టి దొరుకుతుంది. "ఇక్కడ తిండికేం తక్కువైందిరా నీకు?" అంటే పళ్ళెం విసిరికొడతాడు. రేపు కూడా పెడతారని వాడికి నమ్మకం లేదు మరి. అమ్మ పోయాక అవ్వ దగ్గర కొన్నాళ్ళు, అవ్వకు చేతగాక మేనమామ ఇంట్లో కొన్నాళ్ళు, అత్తతో పడక హాస్టల్లో కొన్నాళ్ళు, అక్కణ్ణించి రైలెక్కి తిరుపతి స్టేషన్లో. ఇలాంటి కథలు ఊరికొకటి దొరుకుతాయి. ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలో తెలుసుకోడానికి లోకానికి వందేళ్ళు పట్టింది. మన వైపుకు ఆ తెలివి సగమే చేరిందని నా అనుమానం.

తిరుపతి అప్పట్లో భాగమైన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో దొంగతనం చేసి దొరికిన పన్నెండేళ్ళ పిల్లవాడికి బెత్తం దెబ్బలో, జైలో, అదృష్టం బాగుంటే చెంగల్పట్టు రిఫార్మేటరీ బడో రాసిపెట్టి ఉండేవి. 1919-20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన కూర్చున్న జైళ్ళ కమిటీ, పిల్లల్ని పెద్దల జైళ్ళలో పెట్టడం తప్పని తేల్చింది. 1920లోనే మద్రాసు బాలల చట్టం వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాల్లో అదే మొదటిది. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో ఆ దారి పట్టాయి. మంచి చట్టమే. కాకపోతే దిక్కులేనివాణ్ణీ, దొంగిలించినవాణ్ణీ ఒకే గోడ లోపలికి పంపింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు నగరం మనకు రాలేదు గానీ, ఆ చట్టం మాత్రం వెంట వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆస్ట్రియా వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1918లో, ఓబర్‌హోలాబ్రున్ అనే చోట ఖాళీ అయిన శరణార్థుల శిబిరంలో ఆగస్ట్ ఐక్‌హార్న్ అనే వియన్నా బడిపంతులు దారి తప్పిన పిల్లల కోసం ఒక హోము తెరిచాడు. మిగతా గుంపులేవీ భరించలేని పన్నెండు మంది మొండిఘటాలను ఒక బారక్‌లో చేర్చాడు. వాళ్ళను చూసుకునేవాళ్ళకు ఒకే నియమం: ఒకరినొకరు గాయపరచుకోకుండా చూడండి, అంతకు మించి అడ్డం పోకండి, చెయ్యెత్తకండి. ఇంకేముంది, బల్లలు విరిగాయి, కిటికీ అద్దాలు పగిలాయి, తలుపులు ఊడాయి. కూర్చోడానికి బల్ల లేక గదిలో మూలమూలనా నేల మీద చతికిలబడి తిన్నారు. చుట్టుపక్కల జనం ఆయనకు మతి పోయిందనుకునే ఉంటారు. పిల్లలు రోజురోజుకీ పేట్రేగిపోయారు. ఎంత చేసినా తిరిగి కొట్టేవాడు లేడు, గెంటేసేవాడూ లేడు. చివరికి కోపం ఏడుపుగా మారింది. బారక్ శిథిలమయ్యింది, పిల్లలు నిలబడ్డారు. అప్పుడు వాళ్ళను కొత్త చోటికి మార్చాడు. ఈ అనుభవాలతో 1925లో ఆయన రాసిన పుస్తకానికి ఫ్రాయిడ్ ముందుమాట రాశాడు.

విసిరిన పళ్ళేన్ని ప్రశ్నగా చదవడం అక్కణ్ణించి మొదలైంది. నన్నూ పంపించేస్తావా, ఎప్పుడు, అన్నదే ఆ ప్రశ్న.

మన దేశంలో మాత్రం పిల్లలు 1980లలో కూడా జైళ్ళలోనే ఉన్నారు. బొంబాయి పాత్రికేయురాలు షీలా బర్సే సుప్రీంకోర్టుకెక్కితే, ఆ కేసు నడుస్తున్న 1986లోనే దాదాపు దేశమంతటికీ బాల న్యాయ చట్టం వచ్చింది. 2000లో, మళ్ళీ 2015లో తిరగరాశారు. ఇప్పుడు ఆదరణ అవసరమైనవాళ్ళ దారి వేరు, నేరం మోపబడినవాళ్ళ దారి వేరు. స్టేషన్లో దొరికిన పిల్లవాణ్ణి 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. తిరుపతిలో నేరం మోపబడిన బాలుర కోసం పరిశీలక గృహం ఉంది. జనం నోట్లో అలాంటివన్నీ ఇంకా పిల్లల జైళ్ళే. 2016 నియమావళి పడకగదుల్లో పిల్లవాడికి 40 చదరపు అడుగుల లెక్కన చోటు కొలిచి ఇచ్చింది. ఓపికను కొలిచి ఇచ్చే టేపు మాత్రం ఏ శాఖ దగ్గరా లేదు.

2015 చట్టం హోమును ఆఖరి దారి అంది. ముందు సొంతవాళ్ళ ఇల్లు, లేకుంటే పెంపుడు ఇల్లు. రొమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ పరిశోధన దీన్ని లెక్కగట్టి చూపింది. అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్ళలో సగం మందిని పెంపుడు ఇళ్ళకు పంపితే, ఆశ్రమంలో మిగిలినవాళ్ళకంటే తెలివిలో, మనసులో ముందుకెళ్ళారు. పెంపుడు కుటుంబాలు అక్కడ దొరికేవి కావు. పరిశోధకులే వెతికి, నేర్పించి, వెంట ఉండి నడిపించారు.

ఆ వెంట ఉండడమే అసలు కిటుకు. పిల్లవాణ్ణి తెచ్చి పెంచుకోవడం మనకేం కొత్త కాదు, మేనమామలు తరతరాలుగా చేస్తున్నారు. కానీ అర్ధరాత్రి వాడు తలుపు బద్దలుకొడుతుంటే ఆ అత్త ఎవరికి ఫోన్ చెయ్యాలి? కౌన్సెలర్ లేడు, వచ్చి పలకరించేవాడు లేడు, వారం రోజులు ఊపిరి తీసుకోనిచ్చేవాడు లేడు. అందుకే వాడు హాస్టల్ పాలవుతాడు. తప్పంతా అత్తమీద వెయ్యడం న్యాయం కాదు.

2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పెళ్ళయిన జంటలే కాక, 35 నుంచి 60 ఏళ్ళ లోపు ఒంటరివాళ్ళు కూడా ఇలాంటి పిల్లల్ని పెంచుకోవచ్చు. ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. రెండేళ్ళు కలిసి గడిచాక దత్తత కూడా అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద పిల్లవాడి ఖర్చుకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. చిత్తూరువాళ్ళయినా, తిరుపతివాళ్ళయినా కలవాల్సింది తమ జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని. వెళ్ళినప్పుడు రెండు పనులు చెయ్యండి. కౌన్సెలర్ ఇంటికి ఎన్నిసార్లు వస్తాడో ముందే అడగండి. నెమ్మదస్తుడైన పిల్లవాడే కావాలని మాత్రం అడక్కండి.