మాటలు దాచిపెట్టిన మానవల్లి

రాజమండ్రిలో ముప్పై ఏళ్లుగా వీణ పాఠాలు చెబుతున్నాను. కిందటి వేసవిలో, పరీక్షకు చదువుకుంటున్న శిష్యురాలొకతె వచ్చి, "అమ్మా, ఏల అనేది ఒక ప్రబంధం, అంటే పాతకాలపు పాట రూపం అని రాసుంది. అసలెలా పాడేవాళ్లు?" అని అడిగింది. పాడి చూపించలేకపోయాను. చూపించగలవాళ్లు ఈ రోజు ఎవరూ లేరు. బీరువాలోంచి భరతకోశం తీసి ఆ పిల్ల ముందు పెట్టాను.

1951లో తిరుపతిలో దేవస్థానం వారు అచ్చువేసిన నిఘంటువు అది. సంగీతంలో, నాట్యంలో వాడే పాత మాటలన్నీ అకారాదిగా ఉంటాయి. నాగరి లిపి, సంస్కృత నిర్వచనాలు. ఒక్కొక్క నిర్వచనం చివర అది చెప్పినవారి పేరు ఉంటుంది: సోమేశ్వరుడు, జగదేకమల్లుడు, హరిపాలుడు, కుంభుడు, వేమభూపాలుడు. కల్యాణి నుంచి, చిత్తోడు నుంచి, మన కొండవీటి నుంచి వచ్చిన రాజులు ఒకే పుటలో పక్కపక్కన కూర్చుని రాగాల గురించి మాట్లాడుకుంటున్నట్టుంటుంది.

ఏల సంగతి శార్ఙ్గదేవుడు వివరంగా చెప్పాడు. 13వ శతాబ్దంలో, దేవగిరి యాదవుల కొలువులో ఆయన రాసిన సంగీతరత్నాకరంలో శుద్ధసూడం అనే వర్గానికి చెందిన ప్రబంధాలు ఎనిమిది. వాటిలో మొదటిది ఏల. దేశభాషల్లో ఏలలు అయిదన్నాడు: కర్ణాట, లాట, గౌడ, ఆంధ్ర, ద్రావిడ. "అంటే మన తెలుగు ఏల కూడా ఉండేదా?" అంది ఆ పిల్ల. ఉండేదమ్మా, లక్షణం మిగిలింది, పాట పోయింది అన్నాను. అలాంటి లక్షణాలను వెతికి వెతికి భరతకోశంలో ఒకచోట చేర్చిన మనిషి గురించి ఆ రోజు పాఠం మానేసి చెప్పాను.

ఆయన మానవల్లి రామకృష్ణకవి. 1866లో పుట్టారు. చెన్నపట్నంలో ఎం.ఎ. చదివారు. వనపర్తి సంస్థానంలోనూ, చెన్నపట్నం ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలోనూ పనిచేశారు. తాటాకు కట్ట విప్పి, దుమ్ము దులిపి, పురుగు తిన్న అక్షరాన్ని పోల్చుకోవడమే ఆయన బతుకు. నన్నెచోడుడి కుమారసంభవం 1909లో ఆయన చేతుల మీదుగానే బయటికొచ్చింది. అదే ఏడు క్రీడాభిరామం కూడా అచ్చువేశారు. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ ఎలా పాడేవారో, జక్కుల పురంధ్రి ఎలా గానం చేసేదో ఈనాడు మనం చెప్పుకోగలుగుతున్నామంటే, ఆ పుస్తకం దొరికింది కనక.

ఇంతకన్నా పెద్ద పని నాట్యశాస్త్రం. భరతుడి గ్రంథానికి అభినవగుప్తుడు కాశ్మీరంలో రాసిన వ్యాఖ్యానం అభినవభారతి. సుమారు వెయ్యేళ్ల కిందటిది. కాశ్మీరంలో పుట్టిన ఆ వ్యాఖ్యానం ప్రతులు కేరళలో దొరికాయి. తప్పుల తడకలు. అభినవగుప్తుడే స్వర్గం నుంచి దిగివచ్చినా తన పాఠం తాను సరిచేసుకోలేడని ఒక పండిత మిత్రుడు అన్నట్టు రామకృష్ణకవి తన పీఠికలో చెప్పుకున్నారు. మూలానికి 40 దాకా ప్రతులు సంపాదించి, ఒకదానితో ఒకటి పోల్చి, కుదిరిన పాఠం నిలబెట్టారు. బరోడా గ్రంథమాలలో మొదటి సంపుటం వచ్చింది 1926లో. అప్పటికి ఆయనకు 60 ఏళ్లు. రెండోది 1934లో, మూడోది 1954లో. భరతకోశం వెలువడేనాటికి 85 ఏళ్లు.

నాట్యశాస్త్రంలో సంగీతం 28వ అధ్యాయంలో మొదలవుతుంది. శ్రుతులు, జాతులు, వీణ, తాళం అన్నీ అక్కడి నుంచే. ఆ అధ్యాయాలు నాలుగో సంపుటంలోకి వచ్చాయి. అది అచ్చయింది 1964లో. ఆయన 1957లోనే వెళ్లిపోయారు. నాట్యశాస్త్రం కోసం అన్నేళ్లు కష్టపడినవాడు అందులోని సంగీత భాగాన్ని పుస్తకంగా చూసుకోలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఆయన పాఠాలను తర్వాతివాళ్లు దిద్దారు. మొదటి సంపుటాన్ని మరో పండితుడు సవరించి 1956లో మళ్లీ వేశారు. దిద్దడానికైనా ఎదురుగా ఒక పాఠం ఉండాలి కదా. ఇంకా అచ్చుకాని గ్రంథాల విషయంలోనూ ఆయన చేసిన మేలు అలాంటిదే. కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప నృత్యం మీద రాసిన నృత్తరత్నావళి చూడండి. వి. రాఘవన్ దాన్ని పరిష్కరించి ప్రకటించింది 1965లో. దానికి 14 ఏళ్ల ముందే భరతకోశంలో జాయప మాటలు చదువుకోగలిగారు. అదే జాయప సంగీతం మీద గీతరత్నావళి అని ఇంకొకటి రాశాడు. అది ఇంతవరకూ దొరకలేదు.

గీతరత్నావళి పేరు చెప్పినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొస్తుంది. 1979 గోదావరి పుష్కరాలప్పుడు నేను చిన్నపిల్లని. అటక మీది తాటాకుల కట్టలు రెండు దింపి, పసుపూ కుంకుమా పెట్టి, చదివేవాళ్లు లేరు కదా అని మా పెద్దవాళ్లు గోదావరిలో కలిపేశారు. భక్తితోనే చేశారు. వాటిలో ఏముందో ఒక్కరూ విప్పి చూడలేదు. మా మామ్మ మాత్రం, "మా మామగారు వాటిని చూసి ఏదో పాడుకునేవారే" అంది. ఆ పాటేమిటో నాకు ఈ జన్మకి తెలియదు.

మీ ఇంటి అటక మీద అలాంటి కట్ట ఉంటే దయచేసి నీళ్లలో వదలకండి. దగ్గర్లో ఉన్న లిఖిత ప్రతుల గ్రంథాలయానికి ఇవ్వండి. చదివేవాళ్లు ఈ ఏడు రాకపోవచ్చు, ఇరవై ఏళ్లకు రావచ్చు. వచ్చేసరికి ఆకు ఉండాలి.