గెడ్డ

గెడ్డ: కొండవాలు నుంచి దిగే చిన్న ప్రవాహానికి ఉత్తరాంధ్రలో వాడుక పేరు. తెలంగాణవారు వాగు అనేదాన్ని, రాయలసీమవారు వంక అనేదాన్ని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు గెడ్డ అంటారు. హైదరాబాదులోని ఎర్రగడ్డలో ఉన్న ‘గడ్డ’ నేలకు చెందిన మాట, ఇది నీటికి చెందినది. రాతలో మాత్రం రెండూ కలిసిపోతుంటాయి. ఒకే జలాశయాన్ని మేఘాద్రి గెడ్డ అనీ, మేహాద్రి గెడ్డ అనీ, మేహాద్రి గడ్డ అనీ రాస్తున్నారు.

ఇక్కడ తూర్పు కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. కాబట్టి చాలా ప్రవాహాలకు నిడివి తక్కువ, వాలు ఎక్కువ. తుపాను వానకు గంటల్లో పొంగి, ఎండాకాలానికి సన్నని పాయగా మిగలడం గెడ్డ తీరు. అలాగని ప్రతి గెడ్డా చిన్నదేమీ కాదు. పాడేరు ఏజెన్సీలో మత్స్యగెడ్డ అని పిలిచేది మాచ్‌ఖండ్ నదినే. అది జలపుట్ జలాశయాన్ని నింపి, డుడుమ దగ్గర 1955 నుంచి కరెంటు ఇస్తూ, దిగువన సీలేరు అవుతుంది.

విశాఖ రేవు చరిత్రలోనూ గెడ్డకు చోటుంది. 1933లో తెరిచిన రేవు లోపలి హార్బరును, సముద్రపు పోటు నీరు వచ్చిపోయే చిత్తడి నేలను తవ్వి కట్టారు. మేహాద్రి గెడ్డ నేటికీ ఆ హార్బరులోనే కలుస్తుంది. పెందుర్తి వైపు దానిపై కట్టిన జలాశయం నగరానికి తాగునీరిస్తుంది. పూర్తి నీటిమట్టం 61 అడుగులు. గేట్లెత్తితే వరద విమానాశ్రయం పక్కనుంచే పోవాలి. 2012 నవంబరులో నీలం తుపాను వానలకు రన్‌వే మునిగి విమానాలు ఆగిపోయాయి.

నగరంలో ఈ మాటకు అర్థమే మారింది. కొండల నుంచి దిగే ప్రవాహాలకు ఇరువైపులా గోడలు కట్టి, ఇళ్ల మురుగును వాటిలోకి వదిలారు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ వంటివి అలా మారినవే. వానాకాలం ముందు కార్పొరేషన్ చేయించే పనిని ‘గెడ్డల పూడికతీత’ అంటారు. పల్లెల్లో గెడ్డ ఇంకా పొలాలకు పారే నీరే.

పారే నీరు గెడ్డ అయితే, నిలిచే నీటికి ఈ ప్రాంతపు మాట ఆవ. అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. నిఘంటువుల్లో గెడ్డకు మురుగు కాలువ అనే అర్థం చేర్చాల్సివస్తే, దాన్ని రెండో అర్థంగానే ఇవ్వాలి.