చందా, హుండీ, ముడుపు: ఎన్నికల నిధి సేకరణ చరిత్రలో దాత పేరు

ప్రవేశిక

ఎన్నికలకు ముందు రాజకీయ పక్షాలు ధనాన్ని సేకరించడం ఎన్నికల వ్యవస్థతో పాటే ఆరంభమైంది. ఆ చరిత్రను సాధారణంగా మొత్తాల పెరుగుదలగా చెబుతారు. అయితే ఎంత ఇచ్చారన్న దానితో పాటు, ఇచ్చినవారి పేరు ఎవరికి తెలిసిందన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న. ఇచ్చే సొమ్మును తెలుగువారు అనేక పదాలతో వ్యవహరిస్తారు. వాటిలో చందా, హుండీ, ముడుపు అనే మూడు పదాలు దాత పేరుకు గల మూడు స్థితులను సూచిస్తాయి. ఈ పదాల వెలుగులో భారతదేశంలో ఎన్నికల నిధి సేకరణ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మూడు పదాలు

చందా, రసీదు అనేవి పారసీ మూలం గల పదాలు. ఇవి రెండూ తెలుగులో జంటగానే స్థిరపడ్డాయి. పత్రికకు చందా కట్టినవాడు చందాదారు అవుతాడు. అతని పేరు పుస్తకంలో ఉంటుంది. వినాయక చవితి పందిరికి చందా ఇచ్చినవారి పేర్లు మైకులో చదువుతారు. కాబట్టి చందా నలుగురి ఎదుట ఇచ్చే సొమ్ము.

హుండీకి రెండు అర్థాలున్నాయి. ఒకటి వర్తకులు సొమ్ము చెల్లింపుకై వాడిన పత్రం. రెండవది దేవాలయంలో కానుకలు వేసే పాత్ర. దేవుని హుండీలో వేసినవారి పేరు సాటి భక్తులకే కాక, లెక్కించేవారికి సైతం తెలియదు.

ముడుపు అంటే మొక్కు తీరడానికి గుడ్డలో ముడివేసి దాచిన సొమ్ము. నేటి వ్యవహారంలో పని జరగడానికి చాటుగా ఇచ్చే లంచం అనే అర్థం ప్రబలింది. ఇచ్చేవానికీ, పుచ్చుకునేవానికీ తెలిసి, తక్కినవారికి తెలియకపోవడం దీని లక్షణం.

చందా యుగం

1920 నాటి నాగపూరు నియమావళి ప్రకారం కాంగ్రెసు సభ్యత్వ రుసుము నాలుగు అణాలు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలనీ, కోటిమంది సభ్యులను చేర్చాలనీ తీర్మానించింది. స్త్రీలు తమ నగలను నిధికి సమర్పించారు. అప్పటికి కాంగ్రెసు శాసనసభలను బహిష్కరించింది కనుక ఇది ఎన్నికల నిధి కాదు. కానీ ధనసేకరణను, సభ్యత్వాన్ని ఒకే తీర్మానంలో ముడిపెట్టడం గమనార్హం. సొమ్ము ఇవ్వడమంటే ఉద్యమంలో పేరు నమోదు చేసుకోవడమే.

1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో కాంగ్రెసు 159 గెలిచింది. అప్పటి ప్రధాని బొబ్బిలి రాజా సొంత ప్రాంతంలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. జమీందారీ ధనబలం ఒక్కటే గెలుపును నిర్ణయించలేదని ఈ ఫలితం నిరూపించింది.

కంపెనీల విరాళాలు

స్వాతంత్ర్యానంతరం దాత స్థానంలోకి కంపెనీ వచ్చింది. రాజకీయ విరాళాలు ఇచ్చే వీలు కల్పించుకుంటూ టాటా ఉక్కు కంపెనీ తన నిబంధనలను సవరించుకోదలచగా, 1957లో ఆ వివాదం బొంబాయి హైకోర్టుకు చేరింది. చట్టం అడ్డురానందున ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా దానిని అనుమతించారు. అయితే ఈ ధోరణి ప్రజాస్వామ్యాన్నే దెబ్బతీయగలదని హెచ్చరించారు.

1960 సవరణ కంపెనీ విరాళాలకు పరిమితి విధించి, వాటిని లెక్కలలో వెల్లడించాలని నిర్దేశించింది. 1969లో వాటిని పూర్తిగా నిషేధించారు. 1985లో పరిమితితో, వెల్లడి షరతుతో తిరిగి అనుమతించారు. ఈ నడుమ 1974లో, అభ్యర్థి కోసం పార్టీ చేసిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే అవుతుందని సుప్రీంకోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో చెప్పింది. వెనువెంటనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, పార్టీ ఖర్చును అభ్యర్థి లెక్క నుంచి తప్పించారు. పరిమితి అభ్యర్థికే మిగిలింది, పార్టీకి లేదు. పార్టీ నిధికి ప్రాధాన్యం హెచ్చడానికి ఇది ఒక ముఖ్య కారణం.

2003లో 20,000 రూపాయలకు మించిన విరాళాల వివరాలను పార్టీలు ఎన్నికల సంఘానికి నివేదించాలన్న నియమం వచ్చింది. ఆచరణ ఎలా ఉన్నా, దాత పేరు వెల్లడి కావాలన్న సూత్రాన్ని చట్టం వదులుకోలేదు.

బాండు యుగం

2017 ఆర్థిక చట్టం ఆ సూత్రాన్నే మార్చింది. కంపెనీ విరాళాలపై ఉన్న ఏడున్నర శాతం పరిమితి తొలగింది. ఏ పార్టీకి ఇచ్చారో కంపెనీ తన లెక్కలలో చూపనవసరం లేకుండా పోయింది. 2018 జనవరిలో ఎన్నికల బాండ్ల పథకం అమలులోకి వచ్చింది. వెయ్యి రూపాయల నుంచి కోటి రూపాయల వరకు విలువ గల ఈ పత్రాలను భారతీయ స్టేట్ బ్యాంకు అమ్మేది. వాటిపై కొన్నవారి పేరు గానీ, పొందేవారి పేరు గానీ ఉండదు. పదిహేను రోజులలోగా పార్టీ వాటిని నగదుగా మార్చుకోవాలి.

రూపంలో బాండు హుండీ వంటిది: వర్తకుల పత్రాన్నీ, గుడిలోని పాత్రనూ ఒకేసారి తలపిస్తుంది. కానీ దేవుని హుండీలో పేరు అందరికీ మరుగు. ఇక్కడ దాత స్వయంగా బాండును పార్టీకి అందజేయవచ్చు. తన పేరు చెప్పుకోవచ్చు. పేరు తెలియనిది ఓటరుకు మాత్రమే. పథకంలోని గోప్యత సంపూర్ణం కాదనీ, దాత వివరాలను పార్టీ తెలుసుకునే వీలుందనీ సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. హుండీ రూపంలో ఉన్న ఈ పత్రానికి ముడుపు లక్షణం ఇక్కడే సంక్రమించింది.

సేకరణకు, ఎన్నికలకు గల సంబంధం అమ్మకపు తేదీలలో స్పష్టమవుతుంది. 2022 నవంబరు సవరణ, శాసనసభ ఎన్నికలు జరిగే సంవత్సరంలో అదనంగా పదిహేను రోజుల అమ్మకానికి అవకాశమిచ్చింది. 2023లో నవంబరు 6 నుంచి 20 వరకు బాండ్లు అమ్మారు. తెలంగాణ శాసనసభకు పోలింగు నవంబరు 30న జరిగింది.

ముగింపు

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. పార్టీల నిధుల మూలం తెలుసుకోవడం ఓటరుకున్న సమాచార హక్కులో భాగమని చెప్పింది. వివరాలు మార్చి నెలలో బయటికి వచ్చాయి. 2019 ఏప్రిల్ 12 నుంచి నగదుగా మారిన బాండ్లలో భారతీయ జనతా పార్టీకి 6,060 కోట్లకు పైగా, భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లకు పైగా అందినట్లు ఆ జాబితాలు చూపాయి. వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, తెలుగుదేశం పార్టీల పేర్లు కూడా వాటిలో ఉన్నాయి.

ప్రతి విరాళమూ లంచమని ఈ జాబితాలు నిరూపించవు. అయితే తెలంగాణ ఓటరు ఓటు వేసిన మూడు నెలలకు పైగా గడిచాకనే ఆ పేర్లను చదవగలిగాడన్నది వాస్తవం. పేరు తెలియడం ఎంత అవసరమో, అది ఓటు వేయక ముందే తెలియడం అంతే అవసరం. నలుగురి ఎదుట ఇచ్చినదే చందా. ఎన్నిక ముగిశాక వెల్లడైన పేరు ముడుపును చందాగా మార్చలేదు.