టీ దుకాణముల వారి గణనయంత్రము

నిత్యవ్యాపారపు లెక్కలకు కంప్యూటరును మొట్టమొదట నియోగించినవారెవరని యడిగినచో ఏ బ్యాంకు పేరో, ఏ ఉక్కు కర్మాగారము పేరో మనకు స్ఫురించును. కాని ఆ ఖ్యాతి లండనులో టీ, రొట్టెలు, కేకులు అమ్ముకొను జె. లయన్స్ కంపెనీకి దక్కినది.

లయన్స్ వారి వ్యాపారము పెద్దది. బేరములు మాత్రము చిన్నవి. కప్పు టీపై మిగులునది స్వల్పము. దాని లెక్క వ్రాయుటకగు వ్యయము పెరిగినచో ఆ కాస్త మిగులును హరించిపోవును. కేంబ్రిడ్జిలో గణితము చదివి 1923లో అచ్చట ఉద్యోగమున చేరిన జాన్ సిమన్స్ ఈ సంగతి గ్రహించి, కార్యాలయపు పనినే పరిశీలింప మొదలిడెను. 1930 తరువాతి యేండ్లలో ఇందుకై ప్రత్యేకముగా ఒక శాఖ వెలసెను. ఈ కాగితమెందులకు? దీనిని చదువువారెవరు? మానివేసినచో నష్టమేమి? ఇట్టి ప్రశ్నలతో గుమాస్తాల పనిని శోధించుటయే ఆ శాఖవారి పని. లయన్స్ వారి కంప్యూటరు నిజముగా పుట్టినది ఇక్కడనేయని మా అభిప్రాయము. అప్పటికి యంత్రము వారి ఊహలోనైనను లేదు.

1947లో ఆ సంస్థవారైన థామ్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అనువారు అమెరికా కార్యాలయముల పద్ధతులు చూడబోయిరి. ప్రిన్స్‌టన్‌లో గోల్డ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుని కలిసికొనగా, ఎలక్ట్రానిక్ గణనయంత్రమును తమ దేశమందే, కేంబ్రిడ్జిలో, మారిస్ విల్క్స్ నిర్మించుచున్నాడని తెలిసెను. పెరటిచెట్టు మందునకు పనికిరాదందురు, ఇచ్చట పనికివచ్చెను. లయన్స్ వారు విల్క్స్‌కు 3,000 పౌనులు సహాయమిచ్చి, 1949 మే నెలలో ఆయన యంత్రము నడచిన పిమ్మట, జాన్ పింకర్టన్ అను ఇంజనీరుచే ఆ మాదిరిగానే తమ యంత్రమును కట్టించుకొనిరి. దాని పేరు లియో. పాతకాలపు రేడియోపెట్టెలో నాలుగైదు వాల్వులుండుట మన శ్రోతలెరుగుదురు. లియోలో సుమారు 6,000 ఉండెను. 1951 నవంబరులో అది బేకరీ సరకులకు విలువ కట్టసాగెను. 1953 చివర జీతముల పట్టీయు దాని వశమయ్యెను. ఒక ఉద్యోగి జీతము లెక్కకట్టుటకు ఆరితేరిన గుమాస్తాకు 8 నిమిషములు పట్టగా, లియోకు ఒకటిన్నర సెకను చాలెను.

యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయించు బాధ్యత ఎవరికిచ్చిరన్నది గమనింపదగినది. డేవిడ్ కామినర్ ఇంజనీరు కాడు. పై చెప్పిన పరిశీలనశాఖలో ఆరితేరినవాడు. ఒకరు వ్రాసిన ఆజ్ఞలను మరొకరు సరిచూడనిదే యంత్రమునకు అందనిచ్చువాడు కాడు. సంస్థలోని సిబ్బందికే పాఠములు చెప్పి, పరీక్షించి, తగినవారిని ఏరుకొనిరి. ఫ్రెంచి, చరిత్ర చదివి ఐస్‌క్రీము విభాగమున పనిచేయుచుండిన మేరీ కూంబ్స్ 1952లో అట్లెన్నికైనదే.

వారి నేర్పంతయు 1954లో ప్రారంభమైన టీ దుకాణముల పనిలో కనబడును. ప్రతి దుకాణమునకును మరునాటికి ఎన్ని రొట్టెలు, ఎన్ని కేకులు కావలెనో తెలియవలెను. పూర్వపు పద్ధతినే యంత్రముపై పెట్టినచో కాగితములు యంత్రమునే ముంచివేసియుండును. కనుక వారము రోజులకును రోజు కొకటిగా స్థిరమైన పట్టీ నొకదానిని ముందే నిలిపిరి. దుకాణము నడపునామె మార్పులున్నచో వానిని మాత్రము టెలిఫోనులో చెప్పును. వినుచున్న అమ్మాయి అప్పటికప్పుడే వానిని కార్డుపై రంధ్రములుగా గుచ్చును. మిగిలినది లియో చూచుకొనును. ఏ దుకాణమున సరకు మిగిలిపోవుచున్నదో, ఎచ్చట చాలకున్నదో అధికారులకు దీనివలననే తెలియవచ్చెను. గుమాస్తాల జీతములలో మిగిలిన డబ్బుకంటె ఈ తెలివిడియే విలువైనదని మేమనుకొందుము.

ఇతరులకును ఇట్టి యంత్రములు అమ్ముటకై 1954లోనే వేరొక కంపెనీ స్థాపించిరి. కాని టీ అమ్మువారికి ఆ భారము మోయరానిదయ్యెను. 1963లో దానిని ఇంగ్లీషు ఎలక్ట్రిక్ కంపెనీతో కలిపివేసిరి. మొదటి లియోను 1965 జనవరిలో ఆపివేసిరి.